రాయిని మోసేదీ అదే, చేతిని లాగేదీ అదే

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ చదివిన ఎవరినైనా ఆపి అడగండి: "ఘర్షణ ఎటువైపు పనిచేస్తుంది?" తడుముకోకుండా జవాబు వస్తుంది: "కదలికకు వ్యతిరేక దిశలో."

సరే. ఇప్పుడు రెండో ప్రశ్న. సిమెంటు ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టు నడుస్తోంది. పైనుంచి ఒక సున్నపురాయి ముక్క దానిమీద పడింది. రాయి బెల్టుతోపాటు ముందుకు వెళ్లిపోయింది. దాన్ని ముందుకు తోసింది ఎవరు?

తాడు కట్టలేదు. వెనక నుంచి ఎవరూ నెట్టలేదు. బెల్టుకూ రాయికీ మధ్య ఉన్నది ఒక్క ఘర్షణే. అంటే ముందుకు తోసింది కూడా ఘర్షణే కదా! మరి ఆ 'వ్యతిరేక దిశ' ఏమైనట్టు?

చాలామంది తలగోక్కునేది ఇక్కడే. అసలు సంగతి ఏమిటంటే, ఘర్షణకు కదలిక మీద కోపం లేదు. దాని కోపమంతా జారడం మీద. రెండు తలాలు ఒకదానిమీద ఒకటి జారుతుంటే ఆ జారుడును ఆపాలని చూస్తుంది. బెల్టు ముందుకు పోతోంది, రాయి ఇంకా నిలబడే ఉంది. బెల్టు మీద కూర్చున్న చీమ కళ్లతో చూస్తే రాయి వెనక్కి జారుతున్నట్టు ఉంటుంది. ఆ వెనక్కి జారడాన్ని ఆపాలంటే రాయిని ముందుకే తోయాలి. ఘర్షణ చేసేది అదే.

ఈ ఒక్క ముక్క బాగా పట్టుకుంటే ఈఏపీసెట్‌లో, జేఈఈలో బెల్టు లెక్కలు సగం తేలికైపోతాయి. అయితే మన కర్నూలు, కడప పిల్లలకు ఇది మార్కుల దగ్గరే ఆగిపోయే విషయం కాదు. డిప్లొమానో ఐటీఐనో అయ్యాక చాలామంది మొదటి ఉద్యోగం ఇలాంటి బెల్టు పక్కనే మొదలవుతుంది. అందుకే ఈ వారం దీని సంగతి మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

మన నేల కింద రాయి, నేల మీద బెల్టు

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, కమలాపురం వైపు బస్సులో వెళ్తే పొడవాటి రేకుల గొట్టాల్లాంటివి ఏటవాలుగా పైకి ఎక్కుతూ కనిపిస్తాయి. లోపల నడిచేవి కన్వేయర్ బెల్టులే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు కూడా అదే దృశ్యం. కారణం మన నేలలోనే ఉంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల కింద సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరలకు పెట్టిన పేర్లు చూడండి: నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, బనగానపల్లె క్వార్ట్‌జైట్. అన్నీ మన ఊళ్లే! ఇళ్లలో పరుచుకునే కడప బండ, బేతంచెర్ల నాపరాయి ఈ నేల నుంచి వచ్చినవే. సిమెంటుకు ముడిసరుకూ ఈ సున్నపురాయే.

రాయి ఒక్కటే కాదు. ఎర్రగుంట్ల మండలం కలమళ్ల అంటే తొలి తెలుగు శాసనం దొరికిన ఊరని అందరికీ తెలుసు. ఆ ఊరి దగ్గరే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఆర్టీపీపీ అంటే చాలు, సీమలో అందరికీ తెలుస్తుంది. 1994లో మొదటి యూనిట్ మొదలైంది. రైలు వ్యాగన్లలో వచ్చే బొగ్గు బాయిలర్ దాకా చేరాలంటే బెల్టు ఎక్కాల్సిందే. పులివెందుల దగ్గర వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. భూమిలోకి ఏటవాలుగా దిగే మూడు సొరంగ దారులున్నాయి. మధ్య దారిలో కన్వేయర్ బెల్టు ఖనిజాన్ని పైకి మోసుకొస్తుంది.

దేశం బయటికి వెళ్తే ఇంకా పెద్దవి కనిపిస్తాయి. మేఘాలయలో తవ్విన సున్నపురాయి 17 కిలోమీటర్ల బెల్టు మీద సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని ఛాతక్ సిమెంటు ఫ్యాక్టరీకి చేరుతుంది. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు! పశ్చిమ సహారాలో బూ క్రా ఫాస్ఫేట్ గని నుంచి సముద్రతీరం దాకా వేసిన బెల్టుల వరస అయితే దాదాపు 98 కిలోమీటర్లు. అంత దూరమూ సరుకును పట్టుకుని నడిపించేది ఘర్షణే. మేకు లేదు, జిగురు లేదు.

మొదటి అర సెకను

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. భయపడకండి, పదో తరగతి లెక్కలు వస్తే చాలు.

బెల్టు వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుందాం. రాయికీ బెల్టుకూ మధ్య ఘర్షణ గుణకం 0.5. గురుత్వ త్వరణం 10 అని పట్టుకుందాం, నోటి లెక్కకు వీలుగా ఉంటుంది. రాయి నిట్టనిలువుగా బెల్టు మీద పడింది. ఆ క్షణంలో దాని ముందుకు పోయే వేగం సున్నా.

ఘర్షణ వల్ల రాయికి వచ్చే త్వరణం 0.5 × 10 = 5. అంటే ప్రతి సెకనుకూ వేగం 5 పెరుగుతుంది. వేగం 2కి చేరడానికి పట్టేది 0.4 సెకను. అర సెకను కూడా కాదు. ఆ కాసేపట్లో రాయి కదిలింది 0.4 మీటరు. బెల్టు మాత్రం 2 × 0.4 = 0.8 మీటరు వెళ్లిపోయింది. తేడా 0.4 మీటరు. అంత మేర రాయి బెల్టును గీరుకుంటూ జారింది.

గమనించారా? ఎక్కడా రాయి బరువు అడగలేదు. కిలో రాయి అయినా, క్వింటా బండ అయినా ఇదే లెక్క. బరువు పెరిగితే ఘర్షణ బలమూ అంతే పెరుగుతుంది. మోయాల్సింది ఎక్కువ, తోసేదీ ఎక్కువ. రెండూ చెల్లుకు చెల్లు.

సగం వేడికే పోతుంది

ఇంకో తమాషా ఉంది. ఆ జారుడు సమయంలో బెల్టు వెళ్లిన దూరం రాయి వెళ్లిన దూరానికి సరిగ్గా రెట్టింపు. ఇది యాదృచ్ఛికం కాదు. రాయి సున్నా నుంచి మొదలై బెల్టు వేగానికి చేరింది కాబట్టి దాని సగటు వేగం బెల్టు వేగంలో సగం. ఇద్దరిమీదా పనిచేసే ఘర్షణ బలం ఒకటే. దూరం రెట్టింపు అయితే పనీ రెట్టింపే. అంటే మోటారు రెండు రూపాయలు ఖర్చు పెడితే రాయికి అందేది ఒక రూపాయే. రెండో రూపాయి వేడిగా మారిపోతుంది.

"అయితే గరుకు బెల్టు వేస్తే నష్టం తగ్గుతుందా?" అని అడగొచ్చు. తగ్గదు! గరుకు ఎక్కువైతే జారే దూరం తగ్గుతుంది, కానీ అంత మేర బలం పెరుగుతుంది. నునుపు బెల్టు అయితే బలం తక్కువ, జారే దూరం ఎక్కువ. ఎటు తిప్పినా సగం వేడికే. నిట్టనిలువుగా పడిన సరుకు విషయంలో ఈ సగం పన్ను ఎవరూ తప్పించుకోలేరు.

మరి ఇది పెద్ద నష్టమా? చూద్దాం. టన్ను రాయికి సెకనుకు 2 మీటర్ల వేగం ఇవ్వాలంటే 2000 జౌళ్లు కావాలి. అంతే మొత్తం వేడికి. గంటకు 500 టన్నులు మోసే బెల్టు అనుకుంటే ఆ వేడి 280 వాట్ల లోపే. ఇంట్లో మిక్సీ ఖర్చు కూడా కాదు. అదే 500 టన్నులను 50 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే దాదాపు 70 కిలోవాట్లు కావాలి. కరెంటు బిల్లు పెంచేది ఎత్తు, పొడవు. ఈ జారుడు కాదు.

కానీ ఆ జారుడు బెల్టును తినేస్తుంది. రాళ్లు పడే చోట రోజంతా అదే పనిగా గీరుకుంటూ ఉంటే రబ్బరు పైపొర అరిగిపోతుంది. అందుకే రాయి పడే చూటును తెలివిగా వంచుతారు. రాయి నిలువుగా పడకుండా బెల్టు పోయే దిక్కుకే జారుకుంటూ, కొంత వేగంతో వచ్చి దిగేలా చేస్తారు. నడుస్తున్న బస్సు ఎక్కేవాడు దాని పక్కనే నాలుగడుగులు పరిగెత్తి ఎక్కుతాడు చూడండి, అదే ఉపాయం.

పరీక్షలో పడే గుంత

రాయి బెల్టు వేగానికి చేరింది. ఇప్పుడు నేలబారుగా, ఒకే వేగంతో పోతున్న బెల్టు మీద దానిమీద పనిచేసే ఘర్షణ ఎంత?

"మ్యూ ఎం జి" అని రాసేశారా? గుంతలో పడ్డారు. జవాబు సున్నా. వేగం మారడం లేదు, జారుడు లేదు. ఘర్షణకు పనే లేదు. గాలి తగలడం వంటి చిన్నాచితకా వదిలేస్తే, రాయి తన దారిన తను పోతోంది. ఘర్షణ గుణకంతో గుణిస్తే వచ్చేది ఘర్షణకు ఉండే గరిష్ఠ సత్తా మాత్రమే. ఎంత అవసరమో అంతే ఇస్తుంది స్థైతిక ఘర్షణ. ఏమీ అవసరం లేకపోతే ఏమీ ఇవ్వదు.

బెల్టు ఒక్కసారి బ్రేకు వేసినట్టు ఆగితే మాత్రం కథ తిరగబడుతుంది. అప్పుడు రాయి ముందుకు జారాలని చూస్తుంది, ఘర్షణ వెనక్కి లాగుతుంది. అదే రాయి, అదే బెల్టు. మూడు సందర్భాల్లో మూడు దిక్కులు: ముందుకు, సున్నా, వెనక్కి.

ఏటవాలు ఎక్కుతుంటే

తుమ్మలపల్లె గనిలో లాగా బెల్టు పైకి ఎక్కాల్సి వస్తే ఘర్షణకు తీరిక ఉండదు. వేగం మారకపోయినా సరే, రాయిని కిందికి లాగే గురుత్వాన్ని ప్రతి క్షణం పట్టుకుని నిలపాలి. ఎంత వాలు దాకా పట్టుకోగలదు? వాలు కోణం ట్యాన్ విలువ ఘర్షణ గుణకాన్ని దాటనంత వరకు. గుణకం 0.5 అయితే దాదాపు 27 డిగ్రీలు.

ఇక్కడ కూడా బరువు అక్కర్లేదు. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో దొరికే ముగ్గురాయి నీటికంటే దాదాపు నాలుగున్నర రెట్లు బరువైన ఖనిజం. దాన్నే బెరైటీస్ అంటారు. ఆయిల్ బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి ప్రపంచమంతా కావాల్సిన సరుకు. బొగ్గు దాని ముందు దూదిపింజ. అయినా గుణకం ఒకటే అయితే రెండూ జారిపడే కోణం ఒకటే. బరువు వల్ల బెల్టు మీద లాగుడు పెరుగుతుంది, మోటారు పెద్దది కావాలి. జారే కోణం మాత్రం మారదు.

దీన్ని మీ ఫోన్‌తోనే పరీక్షించొచ్చు. చాలా ఫోన్లలో వాలు కొలిచే యాప్ ఉంటుంది. ఒక అట్ట మీద ఫోన్ పెట్టి, అట్టను ఒకవైపు మెల్లగా ఎత్తండి. కింద దిండు పెట్టడం మర్చిపోవద్దు, ఫోన్ పగిలితే కాలమ్‌కు సంబంధం లేదు! ఫోన్ జారడం మొదలైన కోణం చూడండి. ఆ కోణానికి ట్యాన్ విలువ కడితే అదే ఘర్షణ గుణకం. రబ్బరు కవర్‌తో ఒకసారి, కవర్ తీసేసి ఒకసారి చేయండి. బెల్టులకు రబ్బరు ఎందుకు వాడతారో చెప్పకుండానే అర్థమైపోతుంది.

లెక్క 27 డిగ్రీలు అని చెప్పినా, కంకర, సున్నపురాయి మోసే మామూలు నున్నటి బెల్టులను అంత నిటారుగా పెట్టరు. సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీల మధ్యే ఆపేస్తారు. ఎందుకంటే బెల్టుకు తగిలేది కింది వరస రాళ్లే. పై రాళ్లు కింది రాళ్ల మీద ఊగుతూ కూర్చుంటాయి. బెల్టు ఒక్కో రోలర్ దాటినప్పుడల్లా చిన్న కుదుపు. దానికి తోడు దుమ్ము, తడి. ఒక్క ముక్క దొర్లితే అది ఇంకో నాలుగింటిని తోడు తీసుకుపోతుంది.

ఆగిన బెల్టును మళ్లీ నడపడం ఇంకో పరీక్ష. నేలబారు బెల్టు మీద రాయి 5 త్వరణం దాకా జారకుండా తట్టుకుంటుంది. అదే 15 డిగ్రీల వాలు మీద ఘర్షణ సత్తాలో సగానికి పైగా గురుత్వాన్ని పట్టుకోవడానికే పోతుంది. మిగిలేది 2.2 మాత్రమే. అందుకే నిండు బెల్టును ఒక్క ఊపున లేపరు, మెల్లగా వేగం పెంచుతారు.

చీనీకాయ చేసే తకరారు

రాయి జారుతుంది, సరే. గుండ్రటి వస్తువు అయితే? మన సీమలో పండే చీనీకాయనే తీసుకోండి. నడుస్తున్న బెల్టు మీద నిలకడగా ఉన్న చీనీకాయను పెట్టారు. ఘర్షణ దాన్ని ముందుకు తోస్తుంది, అదే సమయంలో వెనక్కి తిప్పుతుంది కూడా. కాయ తిరగడం మొదలయ్యాక అడుగు భాగం త్వరగా బెల్టు వేగాన్ని అందుకుంటుంది. అక్కడితో జారుడు ఆగిపోతుంది. జారుడు ఆగితే ఘర్షణ తోపూ ఆగుతుంది. అప్పటికి కాయ ముందుకు పోయే వేగం ఎంతో తెలుసా? నిండు గోళం లెక్కలో బెల్టు వేగంలో ఏడింట రెండు వంతులు మాత్రమే. బెల్టు 7 అడుగులు పోతే కాయ 2 అడుగులు పోయి, మిగతా 5 అడుగులూ వెనక్కి దొర్లుతూనే ఉంటుంది. తర్వాత మెల్లమెల్లగా దొర్లుడు తగ్గి బెల్టుతో కలుస్తుంది.

ఏటవాలు అయితే అసలు కలవదు, కిందికి దొర్లుకుంటూ వచ్చేస్తుంది. అందుకే కాయలు, ఎర్రగడ్డలు ఎక్కించే బెల్టులకు అడ్డంగా పట్టీలు కొడతారు. ఘర్షణ పట్టుకోలేని చోట మెట్టు కట్టాల్సిందే.

బెల్టును లాగేది ఎవరు?

రాయిని బెల్టు మోస్తోంది. మరి బెల్టును? చివర్లో ఉండే పెద్ద డ్రమ్ము. మోటారు తిప్పేది దాన్నే. డ్రమ్ముకు పళ్లు లేవు, గొలుసు లేదు. డ్రమ్ముకూ బెల్టుకూ మధ్య ఉన్నది మళ్లీ ఘర్షణే!

దీని లెక్క పల్లెలో అందరికీ చేతులతో తెలుసు. బెదిరిన ఎద్దును పలుపు పట్టుకుని ఆపలేం. అదే పలుపును గుంజకు రెండు చుట్లు చుట్టి కొస పట్టుకుంటే పదేళ్ల పిల్లోడు కూడా ఆపగలడు. లియొనార్డ్ ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త 18వ శతాబ్దంలో దీనికి సూత్రం కట్టాడు. చుట్టు పెరిగేకొద్దీ పట్టు కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, అర చుట్టుకు పట్టు దాదాపు 2.6 రెట్లు. ఒక చుట్టుకు 6.6 రెట్లు. రెండు చుట్లకు 43 రెట్లు. మూడు చుట్లకు 285 రెట్లు.

కన్వేయర్‌లో బెల్టు డ్రమ్మును సుమారుగా అర చుట్టే తాకుతుంది. ఆ పట్టు పెంచడానికే డ్రమ్ము పక్కన ఇంకో చిన్న డ్రమ్ము పెట్టి బెల్టును ఇంకాస్త చుట్టిస్తారు. డ్రమ్ముకు గరుకు రబ్బరు తొడుగు వేస్తారు. వదులు పడకుండా బరువులు వేలాడదీసి బెల్టును ఎప్పుడూ బిగుతుగా ఉంచుతారు. ఇవేవీ సరిగా లేకపోతే, లేదా వానకు డ్రమ్ము తడిసి జారితే, డ్రమ్ము తిరుగుతుంది, బెల్టు కదలదు. అప్పుడు మోటారు శక్తిలో చాలా భాగం ఒకే చోట వేడిగా మారుతుంది. ఇందాకటి మిక్సీ లెక్క కాదిది, కిలోవాట్ల లెక్క. రబ్బరు కాలుతుంది. బొగ్గు బెల్టు అయితే నిప్పుకు కట్టెలు పక్కనే ఉన్నట్టు. అందుకే బెల్టు వేగం పడిపోతే వెంటనే మోటారును ఆపేసే స్విచ్ పెడతారు.

అదే లెక్క మన మీద

ఇంతసేపూ ఘర్షణ మనకు పని చేసిపెట్టింది. రాయిని మోసింది, బెల్టును లాగింది. కానీ ఘర్షణకు రాయేదో చేయేదో తెలియదు.

ప్రమాదానికి దారి తీసే పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. బెల్టు కింద సరుకు రాలి పోగుపడుతుంది. తిరుగు డ్రమ్ముకు మట్టి అంటుకుంటుంది. పార తీసుకుని కాస్త లాగేస్తే సరిపోతుంది. "రెండు నిమిషాల పనేగదప్పా, దీనికి బెల్టు నిలపాల్నా?" అనే మాట అక్కడే వస్తుంది.

నిలపాలి. ఎందుకో లెక్కే చెబుతుంది.

బెల్టు డ్రమ్మును కలిసే చోట ఒక ఇరుకు సందు ఉంటుంది. అక్కడ బెల్టు లోపలికి పోతూ ఉంటుంది. బెల్టు వేగం సెకనుకు 2 మీటర్లు. మనిషికి ఏదో జరిగిందని తెలిసి చెయ్యి వెనక్కి లాక్కోవడానికి పావు సెకను పడుతుంది అనుకుందాం. ఆ పావు సెకనులో బెల్టు అర మీటరు పోతుంది. వేలి కొస నుంచి మోచేయి దాకా ఉన్న పొడవు అది. "లాగేసుకుంటాంలే" అనుకునే లోపే మోచేయి దాకా వెళ్లిపోయి ఉంటుంది. పార చిక్కినా అంతే. పార వదిలేయాలన్న ఆలోచన వచ్చే లోపే పారతోపాటు చెయ్యీ వెళ్తుంది.

బలంతో ఆపుదామా? టన్నుల సరుకు లాగే మోటారు అది. స్విచ్ ఆపినా వెంటనే ఆగదు, నడుస్తున్న బరువు ఇంకొంత దూరం లాక్కుపోయాకే నిలుస్తుంది.

ఇక గుడ్డ సంగతి. తిరిగే షాఫ్టుకు టవల్ కొసో, వదులు చొక్కా చెయ్యో తగిలి ఒక చుట్టు చుట్టుకుంది అనుకోండి. ఎద్దు పలుపు లెక్క గుర్తుందిగా. ఈసారి గుంజే తిరుగుతోంది, పలుపుకు అవతల ఉన్నది మనం. ఒక చుట్టుకు 6.6 రెట్లు. మూడు చుట్లకు 285 రెట్లు. గుడ్డ కొసను కిలో బరువంత బలం పట్టుకుని ఉన్నా, మన వైపు లాగుడు 285 కిలోల బరువంత అవుతుంది. అంత లాగుడు ముందు మనిషి నిలవలేడు.

అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఇవి రాసి పెట్టారు. యంత్రాల్లో ప్రమాదకరంగా కదిలే భాగాలకు గట్టి కంచె ఉండాలని 21వ సెక్షన్ చెప్పింది. కదులుతున్న యంత్రాన్ని తనిఖీ చేయడం, నూనె పెట్టడం వంటివి తప్పనిసరైతే ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లే, ఒంటికి బిగుతైన దుస్తులతో చేయాలని 22వ సెక్షన్ చెప్పింది. ఆ దుస్తులు యాజమాన్యమే ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. బిగుతు దుస్తులు అనే మాట వెనక ఉన్నది పైన చెప్పుకున్న చుట్ల లెక్కే.

మొదటి రోజు అడగాల్సినవి

మీరో, మీ తమ్ముడో, మీ క్లాస్‌మేటో ఇలాంటి చోట పనికి చేరుతుంటే మొదటి రోజే ఇవి తెలుసుకోండి. కాంట్రాక్టు మీద చేరినా, అప్రెంటిస్‌గా చేరినా ఇవి అడిగే హక్కు మీకుంది.

ఒకటి, పుల్ కార్డ్ ఎక్కడ? బెల్టు పొడవునా పక్కనే కట్టిన తాడు అది. ఎక్కడ లాగినా బెల్టు ఆగాలి. మీరు నిలబడే చోటు నుంచి అందుతుందా లేదా చేయి చాపి చూసుకోండి.

రెండు, డ్రమ్ముల దగ్గర గార్డు ఉందా? శుభ్రం చేయడానికి విప్పి, తిరిగి బిగించకుండా పక్కన పడేసిన గార్డు ఉన్నా లేనట్టే.

మూడు, తాళం ఎవరి దగ్గర? పుల్ కార్డ్ లాగితే బెల్టు ఆగుతుంది, అంతే. ఎవరో తెలియక మళ్లీ స్టార్ట్ చేయొచ్చు. బెల్టు మీద చెయ్యి పెట్టే పని ఏదైనా సరే, కరెంటు పూర్తిగా తీసేసి, ఆ స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులోనే ఉండాలి. సూపర్‌వైజర్ జేబులో కాదు.

నాలుగు, ఏటవాలు బెల్టు అయితే వెనక్కి జారకుండా ఆపే ఏర్పాటు ఉందా? కరెంటు తీసేసినంత మాత్రాన గురుత్వం ఆగదు. నిండు బెల్టు వెనక్కి పరుగెత్తగలదు. వేలాడే బరువు కూడా అంతే, కరెంటుతో దానికి పని లేదు. దాని కిందకు పోవద్దు.

ఐదు, మెడలో టవల్, వదులు చేతులు, చేతికి దారాలు, కడియం, మెడలో వేలాడే ఇయర్‌ఫోన్ వైరు. ఇవన్నీ బెల్టు దగ్గరికి వెళ్లేముందు తీసేయాల్సినవే. ఫోన్ కూడా లోపలే పెట్టుకోండి. నడుస్తున్న బెల్టు పక్కన రీల్ తీయడానికి పావు సెకను ధ్యాస తప్పినా అర మీటరు లెక్క గుర్తు చేసుకోండి.

కొత్తగా చేరిన కుర్రాడు ఇవి అడిగితే ఎవరో ఒకరు నవ్వొచ్చు. "ఏమప్పా, ఇంత భయమైతే ఎట్ల?" అనొచ్చు. నవ్వనీండి. ఎన్నో ఏళ్లుగా రెండు చేతులతో ఇంటికి పోతున్న ఫిట్టర్‌ను అడిగి చూడండి. బెల్టు పూర్తిగా ఆగి, తాళం పడి, తాళంచెవి జేబులోకి వచ్చాకే పార పట్టుకుంటానని చెబుతాడు.